ఉప్పుగాలిలో బేస్ గిటార్లు: నా అనుభవం

నాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో మోటార్ల వైండింగ్ షాపు. రొయ్యల గుంటల ఏరియేటర్లు, బోరు మోటార్లు, ఎండాకాలం వస్తే ఫ్యాన్లు. మైపాడు సముద్రం దగ్గరే కాబట్టి, కాలిపోయి వచ్చే మోటార్లకంటే ఉప్పుగాలి తినేసినవే ఎక్కువ వస్తాయి. షాపు వెనక గదిలో గోడకు వరసగా బేస్ గిటార్లు, అంటే పాటకు అడుగున మందర స్వరం పలికే లావు తీగల గిటార్లు, తగిలించి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు వాటిని చూసి, "అన్నా, వీటిల్లో ఏది మోగతాది, ఏది చూసేదానికి?" అంటారు. మోగనిది గోడ ఎక్కదు. బాగయ్యేదాకా బెంచీ మీదే.

ఇన్ని పోగవడానికి కారణం కీబోర్డు. కుర్రతనంలో నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాణ్ణి. అప్పట్లో నెల్లూరు, కావలి, ఒంగోలు, ఏ ట్రూపు చూసినా స్టేజీ మీద ఓ మూల బేస్ మనిషి ఉండేవాడు. ఇళయరాజా పాట ఎత్తుకుంటే బేస్ లేకుండా సగం పాట పోయినట్టే. కీబోర్డులు చవకయ్యాక ఎడమచేత్తోనే బేస్ కానిచ్చేయడం మొదలైంది. ఒక మనిషి కూలి మిగిలింది, బేస్‌లు అటకెక్కాయి. వాటిని నేను ఒక్కొక్కటిగా దించుకున్నాను. కొన్నిటికి డబ్బిచ్చాను, ఒకటి మోటారు రిపేరు బాకీ కింద వచ్చింది. ఇప్పుడు చర్చిల్లో బేస్‌కు మళ్లీ గిరాకీ వచ్చింది, యూత్ పిల్లలు నేర్చుకుంటున్నారు. ఇంట్లో అడిగితే నేను చెప్పుకునే సాకు అదే.

బేస్ కొనడం తేలికే. దాన్ని చేతికి అనువుగా చేసుకోవడమే పని. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పటినుంచీ మామూలు బేస్ కొలత ఒకటే. నట్ (పై చివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు పీట) దాకా మోగే తీగ 34 అంగుళాలు. అన్నిటికంటే లావు తీగ, ఇ స్ట్రింగ్, సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. నాలుగు తీగలూ కలిసి చేత్తో పట్టుకునే ఆ పొడుగాటి నెక్‌ను లాగే బరువు సుమారు 80 కిలోలు. వడ్ల బస్తా 75 కిలోలు తూగే చోట పెరిగినవాళ్లకు చెప్పాలంటే, చేతిలో ఇమిడే సన్నటి కర్రకు ఒక బస్తా రాత్రింబగళ్లు వేలాడుతున్నట్టు. దానికి ఎదురు లాగడానికి నెక్ లోపల ఇనప కడ్డీ పెడతారు, ట్రస్ రాడ్ అని. సెటప్‌లో, అంటే ఇలా చేతికి అనువుగా చేసుకోవడంలో, మొదటి పని ఈ రెండు లాగుళ్లనూ సమం చెయ్యడం. ఎంత వంపు ఉండాలి, తీగ ఎంత ఎత్తు ఉండాలి అని కంపెనీలు లెక్కలిస్తాయి. నేను తేల్చుకున్నది ఏందంటే, ఆ లెక్కలు మొదలుపెట్టేదానికి పనికొస్తాయి. ఎక్కడ ఆపాలో చెప్పేది బేస్ ఉండే ఊరి గాలి, దాన్ని వాయించే చెయ్యి.

చెన్నైలో పాత స్క్వయర్ జాజ్ బేస్ ఒకటి, ఫెండర్ వాళ్ల చవక బ్రాండుది, కొన్నాను. దాన్ని దారికి తెచ్చిన వైనం చెబితే మిగతావన్నీ అందులోనే వస్తాయి.

పాత బేస్ కొనేటప్పుడు నేను ముందు వాయించను. తీగలు చుట్టే హెడ్ వైపునుంచి ఒక కన్ను మూసి నెక్ పొడుగునా చూస్తాను. ముందుకో వెనక్కో వంగి ఉంటే ఫర్వాలేదు, దానికి రాడ్ ఉంది. మెలి తిరిగి ఉంటే మాత్రం ఊరికే ఇచ్చినా తెచ్చుకోకూడదు. తర్వాత అమ్మేవాణ్ణి అడిగి అలెన్ కీతో రాడ్ నట్టును ఓ పిసరు అటూ ఇటూ తిప్పి చూస్తాను. బిగుసుకుపోయి ఉన్నా, ఇక తిరగడానికి మరలు మిగల్లేదనిపించినా అక్కడికక్కడే దణ్ణం పెట్టి రావడమే. ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గట్లు) తీగల కింద ఎంత గాడి పడ్డాయి, తీగలు బిగించే ట్యూనర్లు జారుతున్నాయా, ఇవన్నీ ఆ తర్వాతే. పెయింటు లేచిపోయిన చోట మాత్రం తీరిగ్గా బేరం ఆడొచ్చు. ఈ జాజ్ బేస్‌కు నెక్ శుభ్రం, రాడ్ శుభ్రం. తీగ ఊపును కరెంటుగా మార్చే పికప్‌లలో ముందుది పలకడం లేదు, బ్రిడ్జి స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. ఆ రెండూ నా పనే కదా అనుకుని, తీగలు కాస్త దించి, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మోకాళ్ల మధ్య పెట్టుకుని నెల్లూరు తెచ్చుకున్నాను.

తెచ్చిన రోజే కీ పెట్టను. చెన్నైలో ఏసీ గదిలో ఉన్న కర్ర మా గాలికి అలవాటు పడాలి. బెంచీ మీదే వదిలేస్తాను. ఆ లోపల బ్రిడ్జి విప్పి శాడిల్ (ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మ) స్క్రూల సంగతి చూశాను. తీగ ఎత్తు మార్చేవి ఈ చిన్న చిన్న తల లేని స్క్రూలే. బలంగా తిప్పితే అలెన్ గాడి అరిగిపోయి ఇక ఎప్పటికీ రావు. నూనె చుక్క వేసి ఒక రాత్రి ఉంచి, పొద్దున సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించి వేడి చేస్తే తుప్పు పట్టు వదులుతుంది. తీసినవి తీసినట్టే పారేసి 3 మి.మీ. స్టెయిన్‌లెస్‌వి వేశాను. సముద్రం పక్కన బేస్ ఉంచుకునేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. కొత్త బేస్ అయినా సరే, స్క్రూలు మార్చాకే పాట.

తీగలు 45, 65, 85, 105 సెట్ వేస్తాను. ఆ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. ట్యూనర్‌కు చుట్టేముందు తీగను కత్తిరించాల్సిన చోట పక్కకు మడిచి, ఆ మడత అవతల కత్తిరించాలి. లేకపోతే పైన చుట్టిన తీగ లోపలి తీగ మీద తిరిగి సడలుతుంది, స్వరం మొద్దుబారుతుంది. రెండు మూడు చుట్లు పైనుంచి కిందికి పడాలి. ట్యూన్ చేశాక శాడిల్ ముందూ నట్ ముందూ తీగను బొటనవేలితో నొక్కి మలుపు సూటిగా చెయ్యాలి. ఈ నొక్కుడు చాలామంది చెయ్యరు, తర్వాత ట్యూనింగ్ నిలవడం లేదని ట్యూనర్లను తిడతారు.

తర్వాత నెక్ వంపు. మొదటి ఫ్రెట్ మీద తీగలను నొక్కి పట్టే క్లిప్పు, కేపో, పెట్టి, ఇ స్ట్రింగ్‌ను ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కితే ఆ తీగే మనకు కొలబద్ద. 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఎంతుందో సన్న రేకుల ఫీలర్ గేజ్‌తో చూడాలి. బైకు షెడ్లలో ట్యాపెట్లు సెట్ చేసే గేజే, మా బావమరిది షెడ్డునుంచి తెచ్చింది నా దగ్గర స్థిరపడిపోయింది. ఇలాంటి నెక్‌కు కంపెనీ లెక్క 0.30 మి.మీ. రాడ్ నట్టు బిగిస్తే వంపు తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఒక్కసారికి పావు తిప్పు, అంతకు మించి వద్దు. తిప్పాక మళ్లీ ట్యూన్ చేసి, మర్నాటి దాకా ఆగి కొలవాలి. కర్ర వెంటనే జవాబు చెప్పదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. తీగ ఎత్తుగా ఉందని రాడ్ బిగించేవాళ్లు మా వైపు కొల్లలు. ఎత్తు మార్చాల్సింది శాడిల్ దగ్గర. రాడ్ ఉన్నది నెక్ వంపు కోసం. అడ్డదిడ్డంగా బిగించి, మొదటి నాలుగు ఫ్రెట్లు గరగరలాడుతున్నాయని నా దగ్గరికి తెస్తారు. గరగర ఎక్కడుందో వింటేనే రోగం తెలుస్తుంది. హెడ్ వైపు ఫ్రెట్లలో అయితే వంపు చాలలేదు. బాడీ వైపు అయితే వంపు ఎక్కువైంది, లేదా తీగ మరీ కింద ఉంది. ఒక్క ఫ్రెట్ దగ్గరే అయితే దాని పక్క ఫ్రెట్ పైకి లేచింది. పొట్టి స్టీలు స్కేలును మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి అటూ ఇటూ ఊపితే లేచిన ఫ్రెట్ టకటకమని తానే చెబుతుంది.

వంపు కుదిరాక 17వ ఫ్రెట్ దగ్గర ఎత్తు చూశాను. ఇ స్ట్రింగ్‌కు 2.4, అన్నిటికంటే సన్నదైన జి స్ట్రింగ్‌కు 2 మి.మీ. అని కంపెనీ లెక్క. మధ్య రెండూ ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లున్న పలక) గుండ్రాన్ని అనుసరించి ఉండాలి. ఆ లెక్క మెల్లగా వాయించే చేతికి. మా చర్చి కుర్రాడు తీగను లాగితే గుంట గట్టున ఉన్నవాళ్లకు వినపడాలి, అంత బలం. వాడి కోసం వంపు 0.40 దాకా వదిలి, ఇ స్ట్రింగ్ ఇంకో అర మిల్లీమీటరు పైకి లేపాను. కాగితం ప్రకారం అది తప్పు. వాడి చేతిలో మాత్రం ఒక్క స్వరం చిట్లదు.

నట్ గాడులు నెల్లూరు చిన్నబజారులో కంసాలి వాడే సన్న ఫైళ్లతో కానిచ్చాను. ఇందుకని ప్రత్యేకంగా చేసిన ఫైళ్లు ఉంటాయి, వాటి ధర చూస్తే ఇంకో బేస్ వస్తుంది. మూడో ఫ్రెట్ నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగ కింద కాగితమంత సందు కనిపించేదాకా దించాలి, అక్కడ ఆగాలి. ఒక్క రాపిడి ఎక్కువైతే కొత్త నట్.

ఇంటొనేషన్, అంటే ఏ ఫ్రెట్ నొక్కినా స్వరం సరిగ్గా వచ్చేట్టు చెయ్యడం, అందరూ భయపడే పని, నిజానికి ఇదే తేలిక. 12వ ఫ్రెట్ మీద తీగను ఊరికే తాకి హార్మోనిక్ పలికించు, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి పలికించు. రెండూ ఒకటే రావాలి. నొక్కిన స్వరం పైకి పోతే శాడిల్‌ను వెనక్కి, దిగితే ముందుకి. క్లిప్ ట్యూనర్లు కింది ఇ దగ్గర తడబడతాయి, అందుకే ట్యూనింగ్ కూడా హార్మోనిక్ మీదే చూస్తాను. ముసలి తీగలతో ఈ పని పెట్టుకోవద్దు, ఎప్పటికీ తేలదు.

పలకని పికప్ దగ్గరికి వచ్చేసరికి నాకు సొంత షాపులోకి వచ్చినట్టే అయింది. జాజ్ బేస్ పికప్‌కు మల్టీమీటర్ పెడితే 7, 8 కిలో ఓముల చుట్టుపక్కల చూపించాలి. ఇది ఓపెన్ చూపించింది. అంటే ఎక్కడో తీగ తెగింది. ఏరియేటర్ మోటారుకు నేను చుట్టే రాగితీగ అర మిల్లీమీటరుకు పైనే ఉంటుంది. పికప్‌లో తీగ మందం 0.063 మి.మీ., వేలల్లో చుట్లు, ఊపిరి గట్టిగా తగిలినా కదులుతుంది. మోటార్లలో నాకు తెలిసిన నిజం ఇక్కడా నిజమైంది: తీగ మధ్యలో తెగడం అరుదు, తెగేది సోల్డర్ చేసిన చివరే, ఉప్పు పట్టేది అక్కడే. భూతద్దం పెట్టి చూస్తే బయటి చివర పచ్చగా చిలుము పట్టి ఊడి ఉంది. ఒక చుట్టు విప్పి, కొత్త చివర తీసి సోల్డర్ చేశాను. మీటర్ ముల్లు లేచింది. ఆ రోజు షాపుకు వచ్చిన గుంట రైతు తన మోటారు సంగతి అడిగితే నాకు వినపడలేదని ఇప్పటికీ దెప్పుతాడు.

జాజ్ బేస్‌కు రెండు పికప్‌లు ఒకదానికొకటి ఎదురు చుట్టి, అయస్కాంతాలు తిప్పి పెడతారు. రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే కరెంటు గుయ్యిమనడం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి తగ్గిస్తే మళ్లీ గుయ్యి. ప్రెసిషన్ బేస్‌కు 1957లో పికప్‌ను రెండు ముక్కలు చేసింది మొదలు ఆ బాధ లేదు. పికప్ ఎత్తు విషయంలో మాత్రం ఆశ పనికిరాదు. శబ్దం పెరుగుతుందని తీగకు మరీ దగ్గరగా లేపితే అయస్కాంతం తీగనే లాగుతుంది, పై ఫ్రెట్లలో స్వరం వణుకుతుంది.

ఎర్తింగ్ గురించి నాలుగు మాటలు, ఇది ప్రాణం సంగతి. బేస్ తీగలు ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. సభల్లో మిక్సర్ ఒక చోటినుంచి, ఆంప్ ఇంకో చోటినుంచి కరెంటు తీసుకుంటే, పైగా జనరేటర్‌కు ఎర్త్ లేకపోతే, చేతిలో తీగ, పెదవికి మైకు, మధ్యలో మనిషి. వాయించేముందు మైకు జాలీకీ తీగకూ మధ్య మల్టీమీటర్ పెట్టి ఏసీ వోల్టులు చూస్తాను. రెండు మూడు వోల్టులు దాటితే బ్యాగు జిప్పు తియ్యను. అన్నీ ఒకే బోర్డు మీదికి తెచ్చి, సరైన ఎర్త్ ఇచ్చాకే. ఎర్త్ గుంతలో బొగ్గుతో పాటు ఉప్పు పోస్తాం చూడండి, నా బేస్‌లకు ఉప్పు మేలు చేసే చోటు అదొక్కటే.

సెటప్ అయిపోయిందనుకుంటే పొరపాటు. రోహిణి కార్తె వస్తుంది. పడమటి గాలికి కర్ర ఆరి కుంచించుకుపోతుంది, ఫ్రెట్ కుంచించుకోదు. నెక్ అంచున ఫ్రెట్ చివరలు బయటికి వచ్చి చెయ్యి గీరుకుంటుంది. వాటికి ఫైలు పట్టాల్సింది అప్పుడే, వానల్లో కర్ర ఉబ్బినాక అవి కనపడవు. అక్టోబరు దాటి ఈశాన్య రుతుపవనాలు దిగాయంటే ఇంకో కథ. అప్పుడు ఏ నెక్ ఎటు పోతుందో పుస్తకం చదివి చెప్పలేం. కర్రను బట్టి, ఫ్రెట్‌బోర్డును బట్టి, పూతను బట్టి ఉంటుంది. నా యమహా టీఆర్‌బీఎక్స్ 174 ఏడాదంతా దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఈ జాజ్ బేస్ వానల్లో వంపు పెరుగుతుంది. ఇంకోటి సరిగ్గా దీనికి ఎదురు.

వైండింగ్ చేసేవాళ్లకు డేటా పుస్తకం అలవాటే. ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ గేజు తీగ, అన్నీ రాసుకుంటాం. అందులోనే వెనకనుంచి బేస్‌ల లెక్క మొదలుపెట్టాను. తేదీ, గదిలో తేమ, వంపు, ఎత్తు, కీ ఎటు ఎంత తిప్పాను. రెండు వానాకాలాలు గడిచాక పేజీలు తిరగేస్తే ప్రతి బేస్‌కూ తన తీరు ఉన్నట్టు తెలిసింది. ఇప్పుడు స్వాతి కార్తెకు జాజ్ బేస్‌కు పావు తిప్పు బిగిస్తాను, సంక్రాంతి దాటాక వదులుతాను. కొలవకముందే తెలుసు, అయినా కొలుస్తాను.

గోడ మీద అందరూ నవ్వేది కలకత్తాలో చేసిన పాత బేస్‌ను చూసి. దానికి రాడ్ పనిచెయ్యదు. ఎంత తిప్పినా నెక్ కదలదు. కాబట్టి లాగుడే తగ్గించాలి. సన్న తీగలు వేసి ఒక స్వరం దించి కట్టాను. అప్పటికీ తీగ ఎత్తుగానే ఉంటే, నెక్ విప్పి, అది కూర్చునే గూట్లో బ్రిడ్జి వైపు అంచున పెళ్లిపత్రిక ముక్క పెట్టాను. నెక్ ఓ పిసరు వెనక్కి వాలి తీగ దిగింది. ఆ తర్వాత అదే వాలు వచ్చేట్టు గూడంతా పరుచుకునే సన్న వెనీర్ (చెక్క పొర) చెక్కించి వేశాను, అట్ట అయితే కొన్నాళ్లకు అణుగుతుంది. దానికి నునుపు తీగలు, ఫ్లాట్‌వౌండ్లు, వేశాక మాత్రం నవ్వినవాళ్లే అడిగి వాయిస్తున్నారు. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదట. ఆయన మైపాడులో కాపురం ఉండి ఉంటే ఆ మాట నిలబెట్టుకునేవాడా అని నాకు అనుమానం. ఇక్కడ మామూలు తీగలు వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవకపోతే ఒక్క వానాకాలంలో గరుకెక్కుతాయి.

రాపూరు, ఉదయగిరి వైపునుంచి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు, "మన ఎర్రచందనంతో నెక్ చేయిస్తే ఎట్టుంటాదబ్బా?" అని. జపాన్‌లో షామిసెన్ అనే తీగ వాద్యానికి ఆ కర్రను వాడతారన్నది నిజమే. కానీ అది అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉన్న కర్ర, పర్మిట్ లేకుండా దుంగ చేతిలో ఉంటే వాయించేది జైల్లోనే. రోజ్‌వుడ్‌కే 2017లో ఎగుమతి నిబంధనలు బిగిస్తే ఫెండర్ లాంటి కంపెనీలు చాలా మోడళ్లకు పావ్ ఫెర్రో కర్రకు మారాయి. తయారైపోయిన వాద్యాలకు 2019 చివర్లో సడలింపు ఇచ్చారు. నాకైతే మేపుల్ నెక్ చాలు.

ఇప్పుడు బెంచీ మీద ఐదు తీగల ఐబనీజ్ బేస్ ఉంది. కింది బి స్ట్రింగ్ సెకనుకు 31 కంపనాలు, ఫోన్ స్పీకర్లో అసలు వినపడదు. 130 మందం తీగకు నట్ గాడి ఇంకా చాల్లేదు. ఇది బ్యాటరీతో నడిచే రకం, ఆంప్ వైరు జాక్ పెట్టి వదిలేస్తే వాయించకపోయినా 9 వోల్టుల బ్యాటరీ అయిపోతుంది. చర్చి కుర్రాడు వారం వారం వచ్చి అడుగుతున్నాడు.

"క్రిస్మస్‌కు ఇస్తావా అన్నా?"

"ఇస్తాలే. వానల్లో సెట్ చేసింది కాబట్టి పండగైనాక ఒకసారి తీసుకురా, రాడ్ చూడాల. పాట అయిపోగానే జాక్ పీకు. పోయినసారి బ్యాటరీ డబ్బులు యాడ?"